కొబ్బరితోటలోనే తేనె పెట్టెలా, కాఫీ పూతకి అరకు వెళ్ళాలా? డెల్టా రైతు ఎలా తేల్చుకోవాలి

తేనె పెట్టెలు కొందామనుకున్నవాళ్ళు ముందుగా అడిగేది "ఏ పూత తేనెకి ధర ఎక్కువ?" అని. గోదావరి డెల్టాలో అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మీ ఈగలు ఏం తిని బతుకుతాయి? పూత ఉన్న నెలల్లో ఏ ఈగైనా తేనె పెడుతుంది. వాన ముసురు పట్టి, కాలవ గట్ల మీద పూలు లేక, లంకల్లోకి వరద నీరు వచ్చే ఆ మూడు నెలలు దాటగలిగిన పెట్టే మరుసటి ఏడాదికి మిగులుతుంది. ఏ జాతి ఈగ తీసుకోవాలి, ఉన్నచోటే ఉండాలా, కాఫీ పూతకి తీసుకెళ్ళాలా అన్నవన్నీ దీన్నిబట్టే తేలతాయి.

డెల్టాలో ఈగకి దొరికేది

కోనసీమలో ఈగకి అన్నం పెట్టేది కొబ్బరి. కాపు మీదున్న చెట్టు దాదాపు నెలకొక పూగుత్తి విడుస్తుంది. గుత్తిలో ముందు మగపూలు మొదలై సుమారు మూడు వారాలు రోజూ కొన్ని చొప్పున విచ్చుకుని రాలిపోతుంటాయి. ఆడపూలు మాత్రం కొద్ది రోజులే సిద్ధంగా ఉంటాయి. వంద చెట్ల తోటలో ఏ రోజు చూసినా కొన్ని గుత్తులు పూతలో ఉంటాయి కాబట్టి పుప్పొడికి పెద్దగా కరువుండదు. మకరందం మాత్రం ధార కట్టదు. కొబ్బరి మీద పెట్టె బతుకుతుంది, పిల్లల్ని పెంచుతుంది, అందులోంచి కొంచెం కొంచెం తేనె దాస్తుంది. ఒక్కసారిగా నిండిపోయే పూత కాదది.

కొబ్బరి కింద కోకో ఉంటే తేనె పెరుగుతుందని చెప్పేవాళ్ళున్నారు. అది నిజం కాదు. కోకో పూవు చాలా చిన్నది, దాన్ని ఫలదీకరించేవి నుసుముల్లాంటి బుల్లి దోమలు, తేనెటీగలు కావు. కోకో వల్ల పెట్టెకి చక్కటి నీడ దొరుకుతుంది, అంతే. అరటి అలా కాదు. పువ్వు దొప్ప పైకి లేవగానే కింది హస్తం పూలలో చిక్కటి మకరందం ఉంటుంది, ఈగలు పొద్దున్నే వచ్చి వాలతాయి. రావులపాలెం చుట్టుపక్కల అరటి, కొబ్బరి కలిసి ఉన్న తోటలు ఈ లెక్కన ఉత్త కొబ్బరి తోటకన్నా మేలు. వేసవిలో వేప, కానుగ, చింత, నేరేడు, మునగ, పొలాల్లో నువ్వులు తోడవుతాయి. వరి ఈనినప్పుడు ఉదయంపూట పుప్పొడి దొరుకుతుంది తప్ప మకరందం ఉండదు. పైగా సుడిదోమ మందు కొట్టేది కూడా ఆ రోజుల్లోనే. కాబట్టి వరిచేలకు ఆనుకుని పెట్టెలు పెట్టకండి.

ఇంకో సంగతి తాటి కల్లు. కుండలు కట్టే కాలంలో ఈగలు ఆ తీపికి పోయి కల్లులో పడి చస్తాయి. తాటితోపు దగ్గరలో ఉంటే ఆ నెలల్లో పెట్టెలో ఈగల సంఖ్య ఎందుకు తగ్గుతోందో తెలియక చాలామంది రోగమనుకుంటారు.

ఏ ఈగ?

మన దగ్గర పెట్టెలో పెంచగలిగేవి మూడు రకాలు. చెట్ల కొమ్మలకీ, నీళ్ళ ట్యాంకులకీ పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ, పొదల్లో చిన్న పట్టు పెట్టే జుంటి తేనెటీగ పెట్టెలో ఉండవు. వాటిని పెంచుదామని చూడకండి.

పుట్ట తేనెటీగ మన దేశవాళీది. చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో, పుట్టల్లో వరసగా పట్టులు పెడుతుంది. ఎనిమిది ఫ్రేముల, అంటే పట్టు కట్టుకునే చెక్క చట్రాల, చిన్న పెట్టె చాలు. సుమారు కిలోమీటరు లోపలే తిరుగుతుంది కాబట్టి ఒకే తోటలో పదికి మించి పెట్టెలు పెడితే వాటికి తిండి చాలదు. ఏడాదికి పెట్టెకి 5 నుంచి 8 కిలోల తేనె వస్తే బాగా చూసుకున్నట్టు. ఈగల ఒంటికి పట్టి పీల్చే వరోవా పురుగు దీన్ని పెద్దగా ఏమీ చేయలేదు, ఒకదాన్నొకటి శుభ్రం చేసుకుని వదిలించుకుంటాయి. వీటి బలహీనతలు రెండు. తిండి తగ్గినా, చీమలు పట్టినా, మీరు మాటిమాటికీ మూత తీసినా పెట్టె వదిలి లేచిపోతాయి. రెండోది పిల్లల సంచి రోగం. 1991-92లో దక్షిణాదిన పుట్ట తేనెటీగ పెట్టెల్లో చాలా భాగాన్ని ఖాళీ చేసింది ఈ వైరసే.

ఆ రోగం ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే మరిచిపోరు. బాగున్న పట్టులో మూత వేసిన గదులు గోధుమరంగులో ఎడం లేకుండా పరిచినట్టుంటాయి. రోగం పట్టిన పట్టులో అక్కడక్కడ మూతకి చిల్లులుంటాయి, లోపల పురుగు గది పొడవునా వెల్లకిలా పడుకుని తల పైకెత్తి పడవ ముక్కులా కనిపిస్తుంది. చిన్న చిమటాతో తల పట్టి లాగితే పలచటి చర్మం సంచిలా బయటికి వస్తుంది, అందులో నీళ్ళలాంటి ద్రవం. దీనికి మందు లేదు. రోగం పట్టిన పట్టులు తీసి కాల్చేయాలి, రాణిని కొన్నాళ్ళు బోనులో ఉంచి గుడ్లు ఆపాలి, ఆ పెట్టె ఫ్రేములు వేరే పెట్టెలో పెట్టకూడదు. తట్టుకుని నిలబడ్డ పెట్టెల నుంచే కొత్త రాణుల్ని పెంచుకోవాలి.

ఇటాలియన్ ఈగ, అంటే మెల్లిఫెరా, 1962లో మన దేశంలో స్థిరపడింది. పది ఫ్రేముల పెద్ద పెట్టె, రెండు మూడు కిలోమీటర్ల దూరం తిరిగే ఈగ. సాధు స్వభావం, తేలిగ్గా లేచిపోదు. పూత వెంట తిప్పితే పెట్టెకి ఏడాదికి 25 నుంచి 40 కిలోలు ఇస్తుంది. ఒకేచోట కూర్చోబెడితే తిన్నంత తిని మీకేమీ మిగల్చదు. కోనసీమ కొబ్బరిని నమ్ముకుని మెల్లిఫెరా కొన్నవాళ్ళు మొదటి వర్షాకాలంలో పంచదార బస్తాలు మోసి మోసి రెండో ఏడాదికి పెట్టెలు అమ్మేస్తారు. వరోవా ఒకటి దీనికి ప్రాణం మీదికి తెస్తుంది. అరకప్పు ఈగల్ని, అంటే సుమారు 300, జల్లెడ మూత ఉన్న సీసాలో వేసి రెండు చెంచాల పంచదార పొడి చల్లి ఒక నిమిషం దొర్లించి, తెల్ల కాగితం మీద కుదపండి. ఎర్రటి పురుగులు తొమ్మిదికి మించి రాలితే ఫార్మిక్ లేదా ఆక్సాలిక్ ఆమ్లంతో చికిత్స చేయాల్సిందే. అదీ తేనె గది, అంటే తేనె కోసం పైన పెట్టే అంతస్తు, పెట్టని కాలంలో. ఈ ఆమ్లాల ఆవిరి కళ్ళకీ ఊపిరితిత్తులకీ ప్రమాదం, తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

మూడోది కుట్టని చిన్న ఈగ. కుండలోనో వెదురు బొంగులోనో పెంచవచ్చు. ఏడాదికి కొన్ని వందల గ్రాముల పులుపు తేనె. మిద్దె మీద కూరగాయల తోట ఉన్నవాళ్ళకి, పిల్లలున్న ఇళ్ళకి మంచిది. రాబడి కోసమైతే వద్దు.

కాఫీ పూత సంగతి

అరకు, పాడేరు, అనంతగిరి, చింతపల్లి మన్యంలో కాఫీ ఎక్కువగా అరబికా రకం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన ఉంటుంది. ఎండాకాలం మొదట్లో మొగ్గలు నిద్రలో ఉంటాయి. మార్చి, ఏప్రిల్ ప్రాంతాల్లో ఆ మొగ్గల్ని లేపే పూలవాన పడితే, పడిన 8 నుంచి 10 రోజులకి కొండంతా ఒకేసారి తెల్లబడుతుంది. కొమ్మ కణుపు కణుపుకీ తెల్ల పూల గుత్తులు, మల్లె వాసన. రెండో రోజు కూడా తాజాగా ఉంటాయి. మూడో రోజుకి అంచులు గోధుమరంగు తిరుగుతాయి, నాలుగో రోజు ముట్టుకుంటే రాలతాయి. వానలు విడివిడిగా పడితే పూత రెండు మూడు విడతలుగా వస్తుంది. సరిగ్గా పూసిన రోజున వాన పడితే ఆ విడత పోయినట్టే.

అంటే మీరు వెళ్ళేది రెండు మూడు రోజుల పూత కోసం. కాఫీ తేనె గురించి మాట్లాడేవాళ్ళు ఈ ఒక్క మాట చెప్పరు. ఆ కొద్ది రోజుల్లో వచ్చిన మకరందంలో కొంత ఈగలే తినేస్తాయి. తేనె గది నిండేది ఎక్కువగా పైనున్న సిల్వర్ ఓక్ వల్ల. నారింజ రంగు దువ్వెనల్లాంటి ఆ పూలలో మకరందం ధారాళంగా ఉంటుంది, వేలు పెడితే తడి తగులుతుంది. అడవి నేరేడు, ఇతర కొండ చెట్లు కూడా కలుస్తాయి. కాబట్టి అక్కడ తీసిన తేనె నిజాయితీగా చెప్పాలంటే కాఫీతోటల తేనె. ఒకే పూత తేనె అనాలంటే మామూలుగా అందులోని పుప్పొడిలో 45 శాతమైనా ఆ పూవుదే అయ్యుండాలని ప్రయోగశాలలు లెక్క పెట్టుకుంటాయి. ఆ పరీక్ష చేయించకుండా "కాఫీ పూల తేనె" అని లేబుల్ వేయడం సబబు కాదు.

తోట యజమానికి లాభం ఉందా అంటే, రోబస్టా రకం కాఫీ చెట్టు తన పుప్పొడితో తాను కాయలు కట్టలేదు, దానికి పర పుప్పొడి కావాలి. అరబికా తనంతట తాను కాయలు కడుతుంది. ఈగలు తిరిగితే మేలే గానీ, అవి లేకపోతే పంట పోదు. అందుకని మన్యంలో పెట్టెలు పెట్టుకోనివ్వమని అడిగేటప్పుడు "నా ఈగల వల్ల మీ పంట రెట్టింపవుతుంది" అని చెప్పకండి. పెట్టెకింత అని తేనె ఇస్తామని మాట్లాడుకోవడం గౌరవంగా ఉంటుంది.

దేన్ని తీసుకెళ్ళొచ్చు, దేన్ని తీసుకెళ్ళకూడదు

కోనసీమ పుట్ట తేనెటీగని కొండకి తీసుకెళ్ళొద్దు. మూడు కారణాలు. ఒకటి, ఘాట్ రోడ్డు కుదుపులకి పట్టు విరిగితే రెండు రోజుల్లో లేచిపోతుంది. రెండు, సముద్రమట్టానికి దగ్గరున్న ఉక్కపోతలో పెరిగిన ఈగకి తొమ్మిది వందల మీటర్ల పైనున్న అరకు రాత్రుల చలి అలవాటు లేదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లల సంచి రోగం మీ పెట్టెలో దాగి ఉంటే అది కొండ తొర్రల్లో ఉన్న అడవి ఈగలకి అంటుకుంటుంది. ఆ ఈగల మీదే ఆధారపడి తేనె తీసుకుని బతికే కుటుంబాలు అక్కడున్నాయి. మనం రెండు కిలోల తేనె కోసం వాళ్ళ ఏళ్ళ తరబడి ఆధారాన్ని పాడుచేయకూడదు. పుట్ట తేనెటీగతోనే కాఫీ తోటల తేనె తీయాలని ఉంటే, అక్కడి రైతు తోటలోనే అక్కడి ఈగల్నే పెట్టెకెత్తించి, పెట్టెలు మీవి, చూసుకోవడం వాళ్ళది, తేనె చెరి సగం అనే పద్ధతి మంచిది.

మెల్లిఫెరా తీసుకెళ్ళవచ్చు, కానీ పది ఇరవై పెట్టెలతో గిట్టదు. విశాఖ నుంచి అరకే సుమారు 115 కిలోమీటర్లు, చివర్లో ఘాట్ దారి. రాజమహేంద్రవరం దాటి విశాఖ చేరడానికి ముందు ఇంకా 190 కిలోమీటర్ల పైన ఉంది. ఒక లారీ కిరాయి, కాపలాకి ఇద్దరు మనుషులు, అక్కడ ఆరు వారాల తిండి. యాభై పెట్టెలకు తక్కువైతే ఈ ఖర్చు తేనె మీద పడి లాభం మిగలదు. వెళ్ళేవాళ్ళు కూడా కాఫీని దారిలో ఒక మజిలీగా చూడాలి. డిసెంబరు, జనవరిలో మెట్ట ప్రాంతపు జీడిమామిడి, మార్చి, ఏప్రిల్‌లో కాఫీ, సిల్వర్ ఓక్, ఆ తర్వాత మైదానంలో నువ్వులు అలా పూత వెంట తిరిగితేనే పెట్టె నిండుతుంది.

వెళ్ళాలనుకుంటే లెక్క ఇలా

కాఫీ పూసిన రోజు పెట్టెలో ఎన్ని ఈగలున్నాయనేదానికన్నా, బయటికెళ్ళి మేసే వయసు ఈగలు ఎన్ని ఉన్నాయనేది ముఖ్యం. గుడ్డు పెట్టిన రోజు నుంచి కూలీ ఈగ బయటికి రావడానికి మెల్లిఫెరాలో 21 రోజులు. ఇంకో మూడు వారాలు లోపలి పనులు చేసి ఆ తర్వాతే మేతకి వెళ్తుంది. మొత్తం ఆరు వారాలు. మార్చి మధ్యలో బలంగా ఉండాలంటే సంక్రాంతి వెళ్ళి పదిహేను రోజులయ్యేసరికి, అంటే ఫిబ్రవరి మొదటికి, రాణి జోరుగా గుడ్లు పెడుతూ ఉండాలి. జీడిమామిడి పూత ఉంటే సరే. లేకపోతే కిలో పంచదార లీటరు నీళ్ళలో కరిగించి వారానికి రెండుసార్లు కొంచెం కొంచెం పోయండి. పూతకి పది రోజుల ముందు ఆపేయాలి, లేకపోతే తేనె గదిలో పంచదార పాకమే చేరుతుంది.

తోట రైతుతో ఫోనులో టచ్‌లో ఉండండి. తేదీ పెట్టుకుని వెళ్ళేవాళ్ళు మోసపోతారు, వాన చూసి వెళ్ళాలి. చిటపట చినుకులకి మొగ్గ కదలదు, మంచి తడి కావాలి. వాన పడిందని కబురొస్తే అయిదో రోజు లోడింగ్, ఆరో రోజు తెల్లవారేసరికి తోటలో దింపడం. ఒకటి రెండు రోజులు చుట్టూ ఎగిరి చోటు గుర్తుపెట్టుకుంటాయి, ఈలోపు పూత విచ్చుకుంటుంది.

ప్రయాణానికి ముందు తేనె ఉన్న ఫ్రేములు తీసి పిండేయాలి. బరువున్న పట్టు మలుపుల్లో తెగి ఈగల మీద పడి అన్నీ తేనెలో ముంచి చంపుతుంది. ఫ్రేముల మధ్య చెక్క ముక్కలు బిగించి, పై మూత బదులు సన్నటి ఇనుప వల కట్టి, చీకటి పడ్డాక, ఈగలన్నీ లోపలికి చేరాక, ద్వారం మూయండి. లారీలో ఫ్రేముల పొడవు బండి పోయే దిక్కుకి సమాంతరంగా ఉండాలి. దారిలో ఆపితే నీడన ఆపి వల మీద నీళ్ళు చిలకరించండి. ఎండలో అరగంట ఆగిన బండిలో పెట్టెలు వేడికి ఉడికి చచ్చిపోవడం మామూలుగా జరిగే నష్టం.

కోనసీమలోనే ఉండేవాళ్ళకి

పెట్టెలు పెట్టే చోటు చూసేటప్పుడు ముందు పైకి చూడండి. కాయ పడితే మూత పగులుతుంది, కాబట్టి నాలుగు చెట్ల నడుమ మట్టలు, గెలలు లేని ఖాళీలో పెట్టాలి. దింపు రోజు ముందే తెలుసుకోండి. చెట్టెక్కే మనిషికి ఈగలు చుట్టుకుంటే పైనుంచి పడే ప్రమాదం ఉంది. దింపు జరిగే రోజు తెల్లవారకముందే ద్వారాలకి వల కట్టి, పని అవగానే తీసేయండి. అంతకన్నా ఎక్కువసేపు మూసి ఉంచకూడదు.

స్టాండు కాళ్ళు నీళ్ళ చిప్పల్లో ఉండాలి, చీమలకి అదే మందు. లంక భూములైతే వరద మట్టం గుర్తుపెట్టుకుని జూన్ ఆఖరుకే గట్టు మీదికి తరలించాలి. కొబ్బరికి వేరు ద్వారా మందు పెడుతున్నారా, తెల్లదోమకి పిచికారీ చేస్తున్నారా పక్క తోటవాళ్ళని అడగండి. తెల్లదోమకి మిత్ర పురుగులు, శిలీంధ్రంతో అదుపు చేసే పద్ధతి అంబాజీపేట పరిశోధన స్థానం చెబుతోంది, ఆ దారిలో ఉన్న తోటల మధ్య ఈగ క్షేమం. తెల్లదోమ విసర్జించే జిగురు తీపిని కూడా ఈగలు పోగేస్తాయి. ఆ తేనె నల్లగా, వేరే రుచితో ఉంటుంది.

జూలై నుంచి పుట్ట తేనెటీగ పెట్టెకి వారానికి 200 మిల్లీలీటర్ల పంచదార పాకం సాయంత్రం పూట లోపల పోయండి. పగలు పోస్తే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. ఖాళీ పట్టులు తీసేసి ఈగలు కప్పగలిగినన్నే ఉంచాలి. ఈగలు లేని పట్టుకి మైనం పురుగు పడుతుంది, సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే ఆ ఫ్రేము అప్పటికే పోయింది.

పది పెట్టెల లోపు, సొంత కొబ్బరి అరటి తోట, వారానికి ఒక పూట తీరిక ఉన్నవాళ్ళకి పుట్ట తేనెటీగ, కదలకుండా. ఇదే మా గట్టి సలహా. ఇంట్లో ఇద్దరు మనుషులు ఏడాదిలో ఆరు నెలలు రోడ్డు మీద ఉండగలిగితే, యాభై పెట్టెలకు పెట్టుబడి ఉంటే మెల్లిఫెరా. మధ్యరకం, అంటే ఇరవై మెల్లిఫెరా పెట్టెలు ఊళ్ళోనే పెట్టుకోవడం, డెల్టాలో అన్నిటికన్నా నష్టం తెచ్చే ఎంపిక.

తీయడం, కొనడం

కొబ్బరిసీమ తేనెకి పెద్ద చిక్కు తేమ. గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఈగలు ఎంత విసిరినా తేనె ఆలస్యంగా చిక్కబడుతుంది. ఫ్రేములో మూడొంతులు మైనం మూత పడ్డాకే తీయండి. మూత పడని పట్టుని అడ్డంగా పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే చుక్కలు రాలితే అది ఇంకా పచ్చి తేనె, పెట్టెలో పెట్టేయండి. ఆహార భద్రత ప్రమాణం ప్రకారం తేమ 20 శాతం దాటకూడదు. రిఫ్రాక్టోమీటరు ఒకటి కొంటే చుక్క తేనెతో తెలిసిపోతుంది. 23, 24 శాతం ఉన్న తేనె వేసవిలో సీసాలో పొంగి మూత లేపుతుంది. దాన్ని పొయ్యి మీద కాచి చిక్కబరచడం తప్పు. వాసన పోతుంది, ఎచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరిగి పరీక్షలో దొరుకుతుంది.

కొనేవాళ్ళు నీళ్ళలో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం లాంటి పరీక్షలు నమ్మొద్దు. బియ్యపు పాకం కలిపిన తేనె వాటన్నిటిలో నెగ్గుతుంది. ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఏ ఈగది, తేమ ఎంత అని అడగండి. కాఫీ తేనె అని చెప్పి నవంబరులో తీసిందంటే అది కాఫీది కాదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాఫీ గింజకే, ఆ ముద్ర తేనె సీసాకి వర్తించదు. కాఫీ మకరందంలో కొద్దిగా కెఫీన్ ఉన్న మాట నిజం, అది ఈగలకి పూవు వాసన బాగా గుర్తుండేలా చేస్తుందని 2013లో శాస్త్రవేత్తలు చూపించారు. దాన్ని పట్టుకుని చెంచా తేనె కప్పు కాఫీతో సమానమని అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి.

రోజూ వాడకానికి తేమ సరిగ్గా ఉన్న కొబ్బరితోట పుట్ట తేనె తీసుకోండి, ఎక్కడిదో తెలుస్తుంది, తీసిన మనిషి ఎదురుగా ఉంటాడు. తేలిక వాసన, కొత్త రుచి కోసమైతే ఏప్రిల్, మే నెలల్లో మన్యం నుంచి నేరుగా అరకిలో చొప్పున కాఫీతోటల తేనె. గడ్డకట్టిందని పారేయకండి, నలభై డిగ్రీల గోరువెచ్చటి నీళ్ళలో సీసా ఉంచితే మళ్ళీ కరుగుతుంది. ఏడాది నిండని పసిపిల్లలకి ఏ తేనే నాలుకకి రాయకూడదు. అందులో ఉండగల బోట్యులిజం బీజాలు పెద్దవాళ్ళనేమీ చేయవుగానీ పసివాళ్ళ ప్రాణానికే ప్రమాదం.